లాక్ నట్టు తాళం పోతే చక్రం విప్పేదెలా?

సుంకి ఘాటీ ఎక్కుతుండగా వాన పట్టుకుంది. విశాఖపట్నంలో కొన్న పాత కారులో సాలూరు మీదుగా ఒడిశాలోని జయపురం వస్తున్నాం. వెనక సీట్లో అత్తయ్య, ఇద్దరు పిల్లలు. ఒక మలుపులో కారు ఎడమవైపు లాగుతున్నట్టు అనిపించి ఆపి చూస్తే, వెనక ఎడమ టైరులో గాలి సగానికి పైగా పోయింది. స్టెప్నీలో గాలి ఉంది, జాకీ ఉంది, వీల్ పానా ఉంది, ఇంకేం భయమనుకున్నాను. నాలుగు నట్లు వదులు చేశాను. ఐదో నట్టు దగ్గర పానా జారిపోతోంది. ఫోన్ లైటు వేసి చూస్తే అది మిగతావాటిలా ఆరు పలకల నట్టు కాదు. చుట్టూ నున్నగా, గుండ్రంగా ఉంది. తలమీద పువ్వు రేకుల్లాంటి సన్నని గాడి ఉంది.

ఒడియా లారీ డ్రైవరొకాయన బండి పక్కకు ఆపి దిగారు. టార్చి వేసి చూసి, "చాబి కాహిఁ?" అన్నారు. తాళం ఏదీ అని. నేను చేతిలో ఉన్న కారు తాళం చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఆ ఐదో నట్టును వేలితో తట్టారు. కారుకే కాక నట్టుకు కూడా వేరే తాళం ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే. డిక్కీ అంతా వెతికాం. లేదు.

టైరులో దిగిన మేకును పీకవద్దని ఆయనే చెప్పారు. మేకు ఉన్నంతసేపు కన్నం కొంత మూసుకునే ఉంటుంది, పీకితే ఉన్న గాలీ పోతుంది. వదులు చేసిన నాలుగు నట్లనూ మళ్లీ గట్టిగా బిగించాం. కారులో చిన్న గాలి పంపు ఉండబట్టి గాలి కొట్టుకుంటూ, ఆగుతూ, మెల్లగా పొట్టంగి చేరాం. అక్కడి పంచర్ షాపు కుర్రాడు చక్రం విప్పనే లేదు. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, హ్యాండ్ బ్రేకు తీయించి, మేకు చేతికందేలా చక్రాన్ని తిప్పుకున్నాడు. మేకు పీకి, కన్నాన్ని గరుకు చేసి, జిగురు పూసిన రబ్బరు పుల్ల దూర్చాడు. పావుగంటలో పని అయిపోయింది.

లాక్ నట్టు తాళం పోయిందని తెలిసినవాళ్లు మొదట గుర్తుంచుకోవాల్సింది ఈ సంగతే. ట్యూబ్‌లెస్ టైరుకు నేలను తాకే భాగంలో మేకు దిగితే, చాలావరకు చక్రం విప్పకుండానే పంచర్ వేయొచ్చు. అంటే తాళం లేకపోయినా ఆ రాత్రికి ఇల్లు చేరొచ్చు. టైరు పక్క గోడ చీలితే మాత్రం రబ్బరు పుల్ల పనికిరాదు, చక్రం విప్పక తప్పదు. ట్యూబ్ ఉన్న పాత టైరైనా అంతే.

ఇల్లు చేరాక అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట. మా వీధిలో ఒకాయన "సాకెట్ పెట్టి సుత్తితో కొడితే వచ్చేస్తుంది" అన్నారు. సాకెట్ అంటే నట్టు తలకు తొడిగే గిన్నెలాంటి పానా. మెకానిక్ ఒకరు వెల్డింగే దారి అన్నారు. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోన్‌లో "కోడ్ ఉంటే తాళం తెప్పిస్తాం" అన్నారు. మా బావమరిది అన్నింటికీ సరిపోయే తాళం ఆన్‌లైన్‌లో దొరుకుతుందన్నాడు. నెల రోజులు దీని వెంట తిరిగాక నాకు అర్థమైంది ఏమిటంటే, వేర్వేరు ఇబ్బందులు మూడింటిని అందరం ఒకే పేరుతో పిలుస్తున్నాం. తాళం కనిపించకపోవడం ఒకటి. తాళం చేతిలోనే ఉన్నా అరిగిపోయో విరిగిపోయో ఉండటం ఇంకొకటి. తాళం బాగానే ఉన్నా నట్టు తుప్పుపట్టో గాడి చెదిరో కదలకపోవడం మూడోది. ఒకదానికి చేసే వైద్యం ఇంకొకదానికి చేస్తే అల్లాయ్ చక్రం పాడవుతుంది, లేదా డబ్బు దండగవుతుంది.

అసలు అది ఎలా పనిచేస్తుంది

అల్లాయ్ చక్రాలు ఖరీదైనవి. మామూలు వీల్ పానా ఉన్న ఎవరైనా రాత్రికి రాత్రి వాటిని విప్పుకుపోవచ్చు. అది ఆపడానికి ఒక్కో చక్రానికి ఉన్న నాలుగైదు నట్లలో ఒకదాన్ని మార్చి, మామూలు పానాకు లొంగని నట్టు పెడతారు. కారు మొత్తానికి నాలుగు లాక్ నట్లు, వాటన్నింటికీ కలిపి ఒకటే తాళం. తాళమంటే మామూలు తాళంచెవి ఆకారంలో ఉండేది కాదు. బొటనవేలంత ఉక్కు ముక్క. ఒక చివర నట్టు తలమీద ఉన్న గాడికి సరిగ్గా కూర్చునే అచ్చు ఉంటుంది. రెండో చివర ఆరు పలకలు ఉంటాయి, పానా దానిమీద పడుతుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో నట్టుకు బదులు బోల్టు ఉంటుంది కాబట్టి అక్కడ లాక్ బోల్టు అవుతుంది, పద్ధతి మాత్రం అదే.

కొన్ని లాక్ నట్లకు పైన ఒక వదులు ఉంగరం ఉంటుంది. దేంతో పట్టుకుని తిప్పినా ఆ ఉంగరమే తిరుగుతుంది, లోపలి నట్టు కదలదు. దొంగను ఆపడానికి పెట్టిన ఈ ఉంగరమే తాళం పోగొట్టుకున్న యజమానినీ ఆపుతుంది. అందుకే "సుత్తితో కొడితే వచ్చేస్తుంది" అనే సలహా ఒక కారుకు పనిచేసి ఇంకో కారుకు పనిచేయదు. ఏం చేయాలన్నా ముందు ఆ నట్టును పాత టూత్ బ్రష్‌తో మట్టి పోయేలా తోమి, వెలుతురులో దగ్గరగా ఫోటో తీసుకోవాలి. మా వైపు ఎర్రమట్టి వానాకాలంలో చక్రాల గుంటల్లో పేరుకుని గట్టిపడిపోతుంది. తోమకపోతే గాడి కనిపించదు, తాళం ఉన్నా పూర్తిగా లోపలికి దిగదు.

తాళం నిజంగా పోయిందా

పోయిందని తేల్చుకునే ముందు ఓపిగ్గా వెతకాలి. ఎందుకంటే చాలాసార్లు అది కారులోనే ఉంటుంది. డిక్కీలో కార్పెట్ కింద స్టెప్నీ గుంట ఉంటుంది, స్టెప్నీని పూర్తిగా బయటికి తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టి చూడాలి. జాకీ పెట్టే థర్మాకోల్ అచ్చులో కొన్ని కార్లకు తాళం కోసమే ఒక చిన్న గుంట ఉంటుంది. గ్లోవ్ బాక్స్, కారు పుస్తకం పెట్టే సంచి, తలుపుల అరలు, సీట్ల కింద, ముందు సీట్ల మధ్య చేయి ఆనించుకునే డబ్బా, అన్నీ చూడాలి. ఏదో బోల్టు ముక్క పడి ఉందనుకుని ఇంట్లోవాళ్లు మేకుల డబ్బాలో వేసి ఉండొచ్చు, అదీ చూడాలి.

కారులో లేకపోతే, చక్రాలు చివరిసారి ఎవరు విప్పారో గుర్తు తెచ్చుకోవాలి. టైర్లు మార్చినప్పుడు, బ్యాలెన్సింగ్ చేయించినప్పుడు, బ్రేకు ప్యాడ్లు వేయించినప్పుడు తాళం మెకానిక్ చేతికి వెళుతుంది. చివరి చక్రం బిగించాక అది సాకెట్‌లోనే ఇరుక్కుని ఉండిపోతుంది. కారు వెళ్లిపోతుంది, తాళం షాపులో మిగిలిపోతుంది. పెద్ద టైరు షాపుల్లో ఇలా మిగిలిపోయిన తాళాలు ఒక డబ్బాలో పడేసి ఉంచుతారు. ఫోన్ చేసి అడగడంలో మొహమాటం వద్దు. ఎంత తొందరగా అడిగితే దొరికే అవకాశం అంత ఎక్కువ.

నాది పాత కారు. మునుపటి యజమానికి ఫోన్ చేస్తే, ఆయన దగ్గర ఉన్న మూడేళ్లలో టైర్లు ఒకేసారి మార్పించారని, ఆ షాపు ఇప్పుడు లేదని తేలింది. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

కోడ్ దొరికితే

తాళం మీద, దాంతోపాటు ఇచ్చిన చిన్న కార్డు మీద ఒక నంబరో అక్షరాలో ఉంటాయి. అదే కోడ్. కారు కంపెనీ అమర్చిన నట్లైతే సర్వీస్ సెంటర్ ద్వారా, మెక్‌గార్డ్ లాంటి కంపెనీ నట్లైతే ఆ కంపెనీ ద్వారా, ఆ కోడ్‌తో అచ్చంగా అలాంటి తాళమే తెప్పించుకోవచ్చు. ఇంతకంటే మంచి దారి లేదు. ఏదీ విరగదు, ఏదీ గీసుకోదు. తాళం పోయినా కార్డు మిగిలి ఉండొచ్చు, కారు పుస్తకం పేజీల మధ్య చూడండి. కొందరు కోడ్‌ను పుస్తకం చివరి పేజీలో రాసుకుంటారు.

చాసిస్ నంబరు చెబితే కోడ్ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అన్ని కార్లకూ అది నిజం కాదు. లాక్ నట్లను షోరూంలో యాక్సెసరీగా బిగించి ఉంటే, ఏ కోడ్ సెట్టు ఏ కారుకు పోయిందో ఫ్యాక్టరీ లెక్కల్లో ఉండదు. కోడ్ లేనప్పుడు ఇంకో మార్గం ఉంది. కొన్ని కంపెనీల సర్వీస్ సెంటర్లలో తమ కార్లకు వాడే తాళాలన్నీ ఉన్న పెట్టె ఉంటుంది. అందులోంచి ఒక్కొక్కటి నట్టు మీద పెట్టి చూసి, సరిపోయినదాంతో విప్పుతారు. వెళ్లే ముందే ఫోన్ చేసి, ఆ పెట్టె వాళ్ల దగ్గర ఉందో లేదో అడిగి, నట్టు ఫోటో పంపాలి. జయపురం, రాయగడ లాంటి ఊళ్ల నుంచి విశాఖపట్నమో బరంపురమో వెళ్లి ఊరికే తిరిగి రావడమంటే ఒక రోజు పోయినట్టే.

సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. తాళం ఆర్డర్ పెట్టేటప్పుడు కారు మీదేనా అని అడగొచ్చు, అడగడం న్యాయం కూడా. మనం ఆంధ్రలో కారు కొని ఒడిశాలో తిప్పుతాం. ఆర్‌సీ మన పేరుకు మారాలంటే ముందు అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం రావాలి, దానికి ఫారం 28 పెట్టాలి, ఆ తర్వాత ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఈలోగా ఆర్‌సీ పాత యజమాని పేరునే ఉంటుంది. నన్ను సర్వీస్ సెంటర్‌లో అడిగింది అదే. అమ్మకం కాగితాలు, ఎన్‌ఓసీ నకలు, పాత యజమాని వాట్సాప్‌లో పంపిన ఆధార్ ప్రతి చూపించాకే మాట ముందుకు కదిలింది. ఆ కాగితాలు కారులో ఒక కవర్‌లో పెట్టుకోవడం మంచిది.

ఊళ్లో లేత్ పనివాళ్ల చేత తాళం చేయిద్దామని నేనూ ఆలోచించాను. సునాబెడలో విమాన ఇంజన్లు తయారుచేసే హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల ఇనుము పని తెలిసిన చేతులకు కొదవలేదు. కానీ అసలు తాళం గట్టిపరచిన ఉక్కుతో చేసింది. మామూలు ఇనుముతో చేసిన అచ్చు ఎంత బాగా కుదిరినా, నట్టు కదిలేలోపే దాని పళ్లు మెలి తిరుగుతాయి, పోతూ పోతూ నట్టు గాడిని కూడా చెడగొట్టొచ్చు. ఆ పని తెలిసిన ఆయనే నాకు వద్దని చెప్పారు.

అన్నింటికీ సరిపోయే తాళమంటూ ఒక్కటి లేదు. ఆ పేరుతో అమ్మేవి చాలావరకు నట్టును కరిచి పట్టుకుని విప్పే సాకెట్లు. వాటి గురించి కింద చెబుతాను.

తాళం ఉన్నా తిరగనప్పుడు

తాళం విరగడానికి పెద్ద కారణం గాలి గన్ను, అంటే షాపుల్లో గాలి ఒత్తిడితో నట్లు తిప్పే యంత్రం. చక్రం నట్టుకు ఎంత బిగింపు పెట్టాలో ప్రతి కారు పుస్తకంలో రాసి ఉంటుంది. చాలా కార్లకు అది 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గన్నులు అంతకు మూడు నాలుగు రెట్లు బలం పెట్టగలవు. పైగా ఆ బలం ఒక్కసారిగా తిప్పేది కాదు, సెకనుకు ఎన్నోసార్లు సుత్తితో కొట్టినట్టు పడుతుంది. గట్టిపరచిన ఉక్కు తొందరగా అరగదు కానీ దెబ్బకు పగులుతుంది. అందుకే లాక్ నట్టుకు ఎప్పుడూ చేతి పానాయే వాడాలి. షాపులో పిల్లలు తొందరలో గన్ను పెట్టబోతే ఆపి చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు.

ఇంకో సంగతి నేను ఘాటీలో తప్పు చేశాక తెలిసింది. విప్పేటప్పుడు లాక్ నట్టును మొదట విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. మిగతా నట్లు గట్టిగా ఉన్నంతసేపు చక్రం బరువు, బిగింపు వాటిమీద ఉంటాయి. నేను చేసినట్టు మిగతావన్నీ వదులు చేస్తే ఆ భారమంతా లాక్ నట్టు మీద పడి అది ఇంకా బిగుసుకుంటుంది.

తుప్పు పట్టి కదలకపోతే తుప్పు వదిలించే స్ప్రే నట్టు మొదట్లో కొట్టి అరగంటైనా వదిలేయాలి. బ్రేకు డిస్కు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి, నూనె పడిన బ్రేకు పట్టదు. తాళాన్ని నట్టు మీద కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి, అది పూర్తిగా దిగిందని చూశాకే బలం పెట్టాలి. తాళం వంకరగా ఉండగా పానా మీద కాలు వేసి తొక్కితే జరిగేది నష్టమే.

బలవంతంగా తీయాల్సి వస్తే

కోడ్ లేదు, పెట్టెలో తాళం సరిపడలేదు, టైర్లు మార్చక తప్పదు. నాకు చివరికి అదే అయింది. పెట్టెలో మా నట్టుకు తగిన తాళం లేదు. అప్పుడు జయపురంలో మన తెలుగాయనే నడిపే టైరు షాపుకు వెళ్లాను. ఆయన చేసిన పని చూసే నేను చాలా నేర్చుకున్నాను.

మొదట మిగతా నట్లన్నీ గట్టిగా ఉన్నాయో లేదో చూశారు. లాక్ నట్టు చుట్టుకొలత కంటే కాస్త చిన్నదైన పన్నెండు పళ్ల సాకెట్ తీసుకుని, నట్టు మీద పెట్టి సుత్తితో నిటారుగా కొట్టి దిగ్గొట్టారు. సాకెట్ పళ్లు నట్టు పక్కలను కొరికి పట్టుకున్నాయి. పొడవు కడ్డీ తగిలించి చేత్తో తిప్పితే టక్కున వదిలింది. అలా మూడు వచ్చాయి. నాలుగోదానికి సాకెట్ జారింది, నట్టు చుట్టూ లోహం రాలింది. ఆయన అక్కడితో ఆపేశారు. మర్నాడు ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ తెప్పించారు. దాని లోపల ఎదురు మరలు ఉంటాయి. విప్పే వైపు తిప్పేకొద్దీ నట్టును ఇంకా గట్టిగా కరిచి పట్టుకుంటుంది. దాంతో నాలుగోది కూడా వచ్చింది. విప్పిన నట్టు సాకెట్‌లోనే ఇరుక్కుంటుంది, వెనక నుంచి కడ్డీతో కొట్టి తీయాలి. ఈ పనిలో సాకెట్లు పాడవుతాయి కాబట్టి కూలితోపాటు సాకెట్ ధర అడిగితే అది అన్యాయం కాదు.

ఈ పద్ధతి నట్టు చుట్టూ సాకెట్ దిగేంత ఖాళీ ఉన్నప్పుడే పనికొస్తుంది. కొన్ని అల్లాయ్‌లలో నట్టు లోతైన గుంటలో ఉంటుంది, పలచటి గోడ ఉన్న సాకెట్ కావాలి. వదులు ఉంగరం ఉన్న నట్టుకైతే ముందు ఆ ఉంగరాన్ని తొలగించాలి. ఉలితో పక్క నుంచి కొట్టి తిప్పడం చూశాను, చేయి జారితే అల్లాయ్ మీద గాటు పడుతుంది. డ్రిల్లు పెట్టడం చివరి మార్గం. గట్టి ఉక్కును తొలవడం నెమ్మది పని, అనుభవం ఉన్నవాళ్లే చేయాలి. నట్టు ఉన్న కార్లలో ఈ గొడవలో స్టడ్, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, దెబ్బతిన్నా కొత్తది వేయొచ్చు. బోల్టు కార్లలో చక్రాన్ని బిగించే హబ్ లోపలి మరలు చెడితే ఖర్చు చాలా పెరుగుతుంది.

వెల్డింగ్ గురించి గట్టిగానే చెప్పాలి. లాక్ నట్టు మీద ఇంకో నట్టు అతికించి తిప్పడం పనిచేస్తుందన్నది నిజమే. కానీ గాలి ఉన్న టైరు తొడిగి ఉన్న చక్రం మీద నిప్పు పెట్టకూడదు. రిమ్ము వేడెక్కితే లోపలి రబ్బరు ఉడికి మండే వాయువులు పుడతాయి, ఒత్తిడి పెరుగుతుంది, టైరు బాంబులా పేలొచ్చు. మంట తీసేసిన కాసేపటికి కూడా పేలే ప్రమాదం ఉంది. చక్రం బండికే ఉంది కాబట్టి టైరు ఊడదీసి చేసే వీలు ఉండదు. గాలి పూర్తిగా తీసేసినా బేరింగు, పెయింటు, బ్రేకు పైపులు, టైరు ఒత్తిడి చెప్పే సెన్సారు వేడికి దెబ్బతింటాయి. రోడ్డు పక్క షెడ్డులో ఎవరైనా "రెండు నిమిషాల పని" అంటే కారు తీసుకుని వచ్చేయండి.

విప్పాక ఏం బిగించాలి

పాతవి పారేశాక వాటి స్థానంలో ఏ నట్టు పడితే ఆ నట్టు వేయకూడదు. చాలా మారుతీ కార్ల స్టడ్ 12 మిల్లీమీటర్ల మందం, మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. చాలా హ్యుందాయ్ కార్లకు మందం అదే అయినా దూరం 1.5. చూడ్డానికి రెండూ ఒకటే. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, బలం పెడితే మరలు పోతాయి. చక్రాన్ని ఆనే చోటు ఆకారం కూడా కలవాలి. కొన్నింటికి గరాటులా వాలు ఉంటుంది, కొన్నింటికి గోళీలా గుండ్రం, కొన్నింటికి బల్లపరుపుగా వాషరుతో ఉంటుంది. అది కలవకపోతే బిగించినప్పుడు గట్టిగానే ఉన్నట్టుంటుంది, నడిచేకొద్దీ వదులవుతుంది. ఘాటీ దిగుతుండగా చక్రం వదులైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి, చివర బిగింపు కొలిచే టార్క్ పానాతో సరిచూడాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి చూడాలి. నేను కోరాపుట్ దాకా ఒకసారి వెళ్లొచ్చి మళ్లీ అదే షాపులో చూపించాను. ఒక నట్టు పావు చుట్టు తిరిగింది.

లాక్ నట్లు మళ్లీ వేయించాలా? పెద్ద నగరంలో రాత్రిళ్లు వీధిలో నిలిపే అల్లాయ్ చక్రాల కారైతే వేయించమనే చెబుతాను. మా కారు గేటు లోపల ఉంటుంది, నేను మామూలు నట్లే వేయించాను. ఇనుప చక్రాల కారుకు అవి అసలు అవసరం లేదు. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, ఒత్తిడి చెప్పే సెన్సార్లు, పంచర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. స్టెప్నీ లేని కారు కొన్నవాళ్లు తాళం సంగతి మరిచిపోవడం సులువు, కానీ టైరు మార్చే రోజు వస్తుంది. లాక్ నట్లు ఉంచుకునేవాళ్లు తాళాన్ని, దానిమీది కోడ్‌ను ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. తాళాన్ని గుడ్డసంచిలో వేసి వీల్ పానాకే కట్టేయాలి.

పోయిన నెలలో బావమరిది రాయగడలో పాత కారు కొన్నాడు. బేరం కుదిరాక డబ్బు ఇవ్వకముందే, అమ్మేవాళ్ల వాకిట్లోనే నాలుగు చక్రాల లాక్ నట్లనూ ఒక్కొక్కటిగా వదులు చేసి బిగించి చూశాం. మూడింటికి తాళం బాగానే పట్టింది. వెనక కుడి చక్రం నట్టు దగ్గర జారింది, గాడి అప్పటికే అరిగి ఉంది. వాళ్లే మెకానిక్‌ను పిలిపించి ఆ నట్టు తీయించి కొత్తది వేయించారు. ఆ తర్వాతే మా వాడు డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.